మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఎవరుంటారు? షెడ్డులో కాపురం పెట్టేవాళ్లకు నాలుగు దారులు

తాడిపత్రి రోడ్డులో వెల్డింగ్ షెడ్డు వేసిన ఏడాదే అందులో ఒక మూల రెండు గదులు చేసుకుని దిగిపోయాం. ఊళ్లో బాడుగ మిగులుతుంది, రాత్రి సామానుకు కాపలా కూడా అవుతుంది అనుకున్నాం. రేకు కింద రేకు పార్టిషన్, పైన ప్లైవుడ్ సీలింగు. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం అన్నానికి లోపలికి పోతే అమ్మ కనపడలేదు. వెనక వేపచెట్టు కింద మంచం వేసుకుని, తడి తువ్వాలు నెత్తిన కప్పుకుని కూర్చుంది. పక్కనే నీళ్ల బిందె. "ఇది ఇల్లు కాదురా నాయనా, బొరుగుల బట్టీ" అంది.

ఆమె చెప్పింది నిజమే. నేను పొద్దంతా షెడ్డు ముందు నీడలో పనిచేసుకుంటూ ఉంటాను, రాత్రి పదికి వచ్చి పడుకుంటాను. ఆ వేళకు రేకు చల్లారిపోతుంది కాబట్టి నాకు గది బాగానే అనిపించేది. మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఉండేది నేను కాదు.

ఇప్పుడు నా పనిలో సగం ఇతరులకు షెడ్లు కట్టివ్వడమే. మెకానిక్కులు, పాడి పెట్టుకునేవాళ్లు, చీనీ (బత్తాయి) తోటలున్నవాళ్లు వచ్చి "షెడ్డులోనే ఒక రూము వేయండన్నా" అంటారు. నేను మొదట అడిగేది అదే: మధ్యాహ్నం మూడింటికి లోపల ఎవరుంటారు? ఎవరూ ఉండరంటే ఒక దారి. ముసలివాళ్లో, బాలింతో, పసిపిల్లలో ఉంటారంటే వేరే దారి.

పనీ కాపురమూ ఒకే కప్పు కింద పెట్టుకోవడం మన సీమకు కొత్తేం కాదు. ధర్మవరంలో ముందుగదిలో గుంత మగ్గం, వెనక వంటిల్లు. పాత మట్టిమిద్దెల్లో పశువులను కట్టేసే గాడి ఇంట్లోనే ఉండేది, ఎద్దులూ మనుషులూ ఒకే వాకిట్లోంచి పోయేవాళ్లు. కానీ ఆ మిద్దెకు రెండడుగుల మట్టి గోడలు, దూలాల మీద దంతెలు (అడ్డ కర్రలు), వాటి మీద జానెడు మట్టి, పైన చౌడు మన్ను ఉండేవి. అదంతా తీసేసి అర మిల్లీమీటరు రేకు పెట్టి, పాత పద్ధతే అనుకుంటే ఎలా?

## ముందు తేల్చుకోవాల్సినవి

ఎండ. రేకుకూ స్లాబుకూ గుణాలు పూర్తిగా వేరు. మే నెల ఎండలో రేకు 60 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడి వెంటనే కిందికి కొడుతుంది. పొద్దు గుంకాక అంత త్వరగానూ చల్లారుతుంది. ఆ వేళ రేకులు బిగుసుకుంటూ టక్ టక్ మని చేసే శబ్దం షెడ్డులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆర్‌సీసీ స్లాబు దీనికి తలకిందులు. పగలంతా వేడి తాగుతుంది, రాత్రి పన్నెండు దాకా కక్కుతుంది. కాబట్టి పగలు రేకు నరకం, రాత్రి స్లాబు నరకం. ఈ రెండూ కాని దారి ఒకటుంది, దాని దగ్గరికి వస్తాను.

గాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన దగ్గర గాలి పడమర, నైరుతి వైపు నుంచి వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. షెడ్డు పడమటి వైపు, గదులు తూర్పు వైపు పెట్టారనుకోండి, ఆ నాలుగు నెలలూ గ్రైండింగు దుమ్ము, పేడ వాసన, డీజిల్ పొగ అంతా మీ కంచంలోకే. గదులకు నేను సూచించేది దక్షిణం వైపు. మనం ఉన్నది 14 నుంచి 16 డిగ్రీల అక్షాంశాల మధ్య. మే నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, దక్షిణపు గోడకు ఎండ సరిగా తగలదు. పడమటి గోడ మాత్రం సాయంత్రం దాకా కాలుతుంది. అక్కడ బాత్రూము, సామాన్ల గది, మెట్లు లాంటివి పెట్టండి. వాస్తు చూసేవాళ్లు నైరుతిలో యజమాని గది ఉండాలంటారు, గాలి లెక్కలో దానితో పెద్దగా పేచీ రాదు. ఆగ్నేయంలో వంట కూడా కుదురుతుంది. వాస్తు పంతులూ మేస్త్రీ గొడవ పడకుండా ప్లాను ఒప్పుకోవడం అరుదు కాబట్టి ఈ మాట చెప్తున్నా.

నిప్పు, బయటికి దారి. మా పార్టిషన్‌కు పైన రెండడుగుల ఖాళీ ఉండేది. గాలి ఆడుతుందని నేనే వదిలాను. ఒక సాయంత్రం మా కుర్రాడు ట్రాలీ డాలా (సామాను వేసే తొట్టి) కోస్తుంటే రవ్వలు ఆ సందులోంచి ఎగిరి అవతల మడిచిపెట్టిన దూది పరుపు మీద పడ్డాయి. దూది మంట వేయదు, లోపల్లోపల రాజుకుంటుంది. పొగ వాసన వచ్చి చూసేసరికి చెయ్యి పట్టేంత బొక్క పడింది. రాత్రి అయ్యుంటే? అప్పటినుంచి నా పట్టుదలలు మూడు. పనికీ పడకకూ మధ్య ఇటుక గోడ కప్పుదాకా పోవాలి. పడకగదికి షెడ్డుతో సంబంధం లేని తలుపు ఒకటి నేరుగా బయటికి ఉండాలి. కిటికీలు షెడ్డులోకి తెరుచుకోకూడదు. జనరేటరు, ట్రాక్టరు మూసిన షెడ్డులో ఆన్ చేసి ఉంచితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవాళ్లకు తెలియనే తెలియదు. గ్యాసు సిలిండర్లు, వంటవైనా కటింగువైనా, బయట నీడలో గొలుసు కట్టి పెట్టండి.

నేల. అనంతపురం వైపు ఎర్రనేల, కింద గరుసు తగిలితే అదృష్టమే, పునాది తేలిక. తాడిపత్రి, జమ్మలమడుగు, నంద్యాల వైపు నల్లరేగడి వేరే కథ. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలు బారుతుంది. తేలికైన షెడ్డు ఆ కదలికకు ఊగి ఊరుకుంటుంది, ఇటుక గది మాత్రం చీలుతుంది. షెడ్డు స్తంభాన్నీ గది గోడనూ కలిపి కట్టేస్తే మొదటి రెండేళ్లలోనే ఆ మూలన ఏటవాలుగా పగులు వస్తుంది. రెంటికీ పునాదులు వేరుగా తీయించండి, మధ్య అంగుళమైనా సందు ఉంచండి. రేగడిలో గదికి ప్లింత్ బీమ్ (పునాది మీద, గోడ కింద పోసే కాంక్రీటు బీమ్) లేకుండా కడతానన్న మేస్త్రీకి నమస్కారం పెట్టి పంపేయండి.

కాగితాలు, కరెంటు. వ్యవసాయ భూమిలో కట్టాలంటే భూమి వాడకం మార్పు, ప్లాను అనుమతి సంగతులు పునాది తీయకముందే సచివాలయంలో, మండలాఫీసులో అడిగి తెలుసుకోండి. బ్యాంకువాళ్లు ఇంటి లోను ఒక రకంగా, షెడ్డు లోను ఇంకో రకంగా చూస్తారు, రెండూ కలిసిన కట్టడం అంటే ముఖం చిట్లిస్తారు. తోట మోటారుకు వచ్చే ఉచిత కరెంటు మోటారుకే. దాన్నుంచి ఫ్యానుకు తీగ లాగితే తప్పు, పైగా అది వచ్చేది పగటిపూట కొన్ని గంటలే. ఇంటికి డొమెస్టిక్ మీటరు, వెల్డింగుకు త్రీఫేజ్ మీటరు, వేర్వేరుగా తీసుకోవాలి.

## ఒకటో దారి: రేకుల షెడ్డులో పార్టిషన్ గది

మా అమ్మ బొరుగుల బట్టీ ఇదే. ఇంత తిట్టాక కూడా దీన్ని కొట్టిపారేయను. లీజు భూమిలో ఉన్నవాళ్లకు ఇది తప్ప వేరే దారి లేదు. బేస్‌ప్లేట్ల బోల్టులు విప్పి, ట్రస్సులు లారీ ఎక్కించుకుని పోవచ్చు. గోడలు కట్టినవాళ్లు గోడలు వదిలి పోవాలి. ఒంటరి మెకానిక్కు, రాత్రికి మాత్రమే పడుకునే వాచ్‌మన్, కోతల నెలల్లోనే తోటలో ఉండేవాళ్లు, వీళ్లకు సరిపోతుంది.

రేకు ఏది అన్నదాని మీద చాలా తేడా వస్తుంది. సిమెంటు రేకు కలర్ కోటెడ్ రేకు కన్నా కొంచెం చల్లన, వాన శబ్దం కూడా తక్కువ. కానీ గాలివానకు కొమ్మ పడినా పగులుతుంది. పైగా అందులో ఆస్బెస్టాస్ ఉన్న రకాలను కోసినా, డ్రిల్లు వేసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. మనుషులు నిద్రపోయే గది మీద నేను వేయను. కలర్ కోటెడ్ రేకులో ముదురు నీలం, ఎర్రటి రంగు చూడ్డానికి బాగుంటాయి, తెలుపే చల్లన. పైన సున్నం కొట్టినా పనిచేస్తుంది, కాకపోతే ప్రతి ఏడాదీ కొట్టాలి.

రేకు అడుగున బబుల్ షీటు వేస్తే వేడి కొంత తగ్గుతుంది. రెండు రేకుల మధ్య ఫోము నింపిన పఫ్ ప్యానెల్ వేస్తే బాగా తగ్గుతుంది. అయితే పఫ్ ప్యానెల్ లోపలి ఫోముకు నిప్పంటుకుంటే వచ్చే పొగ విషం. వెల్డింగు, గ్రైండింగు జరిగే కప్పు కింద దాన్ని పెట్టమని నేను చెప్పను. తోటలో షెడ్డుకైతే పరవాలేదు.

వాన శబ్దం గురించి ముందే తెలుసుకోవాలి. జోరు వానలో పక్కనున్న మనిషి మాట వినపడదు, ఫోను సంగతి సరేసరి. మా పిల్ల పదో తరగతి పరీక్షలకు చదివింది మా మేనత్త ఇంట్లో.

రేకుకు ఒక లాభం మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అనంతపురంలో ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. 1500 చదరపు అడుగుల రేకు మీద పడేది దాదాపు 76 వేల లీటర్లు. మొదటి వాన వదిలేసినా, కారిపోయింది తీసేసినా 60 వేలు చేతికొస్తాయి. బోరు ఎండిపోతున్న తోటలో ఆ నీళ్ల విలువ నేను చెప్పనక్కర్లేదు.

## రెండో దారి: షెడ్డు కింద మిద్దె

పైన చెప్తానన్నది ఇదే. షెడ్డు ఎత్తుగా వేసి, దాని కింద ఒక మూల ఇటుక గోడలతో, సొంత కప్పుతో గదులు కట్టడం. రేకు గొడుగులా ఎండంతా తనే తింటుంది. కింద మిద్దెకు నేరుగా ఎండ తగలదు కాబట్టి అది పగలు వేడి తాగదు, తాగని వేడిని రాత్రి కక్కదు. మధ్యలో గాలి ఆడితే చాలు.

ఈ దారి మన జిల్లాలకు బాగా కుదరడానికి ఇంకో కారణం ఉంది. యర్రగుంట్ల, బేతంచెర్ల, తాడిపత్రి చుట్టుపక్కల నాపబండలు దొరుకుతాయి. గర్డర్ల మీద బండలు పరిచి కప్పు వేయడం మన మేస్త్రీలకు చేతికొచ్చిన పని. సెంట్రింగు అక్కర్లేదు, నీళ్లు కట్టే రోజులు అక్కర్లేదు. బండల కప్పుకున్న పెద్ద చిక్కు సందుల్లోంచి కారడం. షెడ్డు కింద వాన పడదు కాబట్టి ఆ చిక్కే లేదు. పైన వాటర్‌ప్రూఫింగు ఖర్చు మిగిలింది.

బరువు మాత్రం చిన్నది కాదు. రెండంగుళాల బండ చదరపు మీటరుకు 130 కిలోలు పైమాటే. 10 అడుగులకు 12 అడుగుల గది మీద బండలే టన్నున్నర దాకా ఉంటాయి. నాలుగున్నర అంగుళాల గోడ మీద దీన్ని పెట్టొద్దు, తొమ్మిది అంగుళాలు కట్టండి. ముద్దనూరు, యర్రగుంట్ల వైపు వాళ్లకు ఆర్టీపీపీ (థర్మల్ కరెంటు కేంద్రం) బూడిదతో చేసిన ఫ్లైయాష్ ఇటుకలు దగ్గర్లోనే దొరుకుతాయి. గర్డర్ల ఎడం మూడడుగుల దగ్గర ఉంచండి. ఐదడుగుల బండ దొరికింది కదా అని గర్డర్లు తగ్గించుకునేవాళ్లున్నారు. బండ ఇనుము లాగా వంగి చెప్పదు, ఒక్కసారే పుటుక్కున విరుగుతుంది. అందుకే మిద్దె పైన బోరుబావి పైపులు, ఇంజను బ్లాకులు పేర్చొద్దు. ఖాళీ గోతాలు, డ్రిప్పు చుట్టలు, పండగ సామాను వరకే.

లోపాలు? షెడ్డు ఎత్తు పెరగాలి, దాంతో స్తంభాలు లావు కావాలి, ఇనుము పెరుగుతుంది. గది మూలకు ఉండాలి, రెండు గోడలు బయటి వైపు ఉండాలి. నడిమధ్య కట్టారంటే కిటికీలకు వెలుతురు రాదు, అది గది కాదు, పెట్టె. శబ్దం కూడా పూర్తిగా పోదు. గ్రైండరు రొద తొమ్మిది అంగుళాల గోడకు బాగా తగ్గుతుంది కానీ కంప్రెసర్ నేలను పట్టుకుని గుయ్యిమంటుంది. దాన్ని షెడ్డు అవతలి చివర రబ్బరు దిమ్మల మీద పెట్టాలి.

## మూడో దారి: కింద షాపు, పైన ఇల్లు

ప్రొద్దుటూరులో, అనంతపురంలో, ఆదోనిలో రోడ్డు పక్క సెంటున్నర, రెండు సెంట్ల స్థలాలున్నవాళ్లకు చెప్పేదేమీ లేదు, పైకి పోవాల్సిందే. బైకు మెకానిక్కు, టైలరు, ప్రింటింగు ప్రెస్సు లాంటి పనులకు ఇది హాయి. లోను తేలిగ్గా వస్తుంది, రేపు అమ్మాలన్నా అడిగేవాళ్లుంటారు, కింది షాపు బాడుగకు ఇచ్చుకోవచ్చు.

ట్రాక్టర్లు, ట్రాలీలు వచ్చే పనికి మాత్రం రెండుసార్లు ఆలోచించండి. ట్రాలీ డాలా ఎత్తి పనిచేయాలంటే కింద 14 అడుగుల ఎత్తు కావాలి. మెట్టుకు 7 అంగుళాలు వేసుకుంటే అది 24 మెట్లు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని రోజుకు నాలుగుసార్లు ఎక్కించి దించగలరా? కింది పొగ పైకే వస్తుంది. పైన స్లాబు ఎండకు బట్టబయలు కాబట్టి రాత్రి వేడి కూడా తప్పదు. పై స్లాబు మీద తెల్లటి టైల్సు పరిస్తే గానీ మే నెలలో నిద్ర పట్టదు. మెట్లు షాపు లోపల్నించి కాకుండా బయట్నుంచి పెట్టుకోవాలి. కింద నిప్పంటుకుంటే పైవాళ్లు దిగే దారి అదొక్కటే.

## నాలుగో దారి: పక్కపక్కన

ఇల్లు ఇల్లులాగా కట్టుకుని, పక్కకు రేకుల వసారా దించుకోవడం, లేదా పదడుగుల దూరంలో వేరే షెడ్డు వేసుకోవడం. స్థలం ఉంటే ఇంతకు మించింది లేదు. ముఖ్యంగా పశువులున్నవాళ్లకు.

ఆవుకు కప్పు కింద నలభై చదరపు అడుగుల చోటు కావాలి, మూత్రం పారడానికి నేల వాలుండాలి, పేడ గుంట దూరంగా ఉండాలి. వీటన్నిటితో ఒకే గోడ పంచుకుని పడుకుంటే ఈగలు, పిడుదులు, అమ్మోనియా వాసన మీతోనే ఉంటాయి. దొంగల భయానికి దగ్గరుండాలనుకునేవాళ్లు పశువుల కొట్టం వైపు ఒక చిన్న కిటికీ పెట్టుకోండి, అది చాలు. కొట్టానికి రాతి కూసాలు పాతి, పైన రేకు వేసి, మూడు వైపులా తెరిచి వదిలేస్తే పశువులకూ అదే సుఖం.

వసారా దించేవాళ్లు రేకు గోడను తాకే చోటు చూసుకోండి. గోడకు గాడి కొట్టి, జీఐ పట్టీ దూర్చి, సిమెంటు పూయించాలి. ఊరికే రేకు ఆనించి తారు పూసిన పని రెండో వానకు కారుతుంది. షెడ్డు రిపేరు కోసం నాకు వచ్చే ఫోన్ కాల్స్‌లో ఎక్కువ ఆ సందు గురించే.

## ఒకచోట చూస్తే

| | పార్టిషన్ గది | షెడ్డు కింద మిద్దె | కింద షాపు, పైన ఇల్లు | పక్కపక్కన |
|---|---|---|---|---|
| మధ్యాహ్నపు వేడి | భరించలేం | బాగా తక్కువ | మధ్యస్థం | కప్పును బట్టి |
| రాత్రి వేడి | పదికల్లా చల్లారుతుంది | తక్కువ | అర్ధరాత్రి దాకా | కప్పును బట్టి |
| శబ్దం, పొగ | పూర్తిగా | సగం పైన తగ్గుతుంది | పొగ పైకి వస్తుంది | అన్నిటికన్నా తక్కువ |
| నిప్పు భయం | ఎక్కువ | బయటి తలుపుంటే తక్కువ | మెట్ల మీద ఆధారం | తక్కువ |
| మొదటి ఖర్చు | అన్నిటికన్నా తక్కువ | మధ్యస్థం | అన్నిటికన్నా ఎక్కువ | మధ్యస్థం, స్థలం వేరు |
| విప్పి తీసుకుపోవడం | అవుతుంది | షెడ్డు వరకే | కాదు | షెడ్డు వరకే |
| లోను, అమ్మకం | కష్టం | కష్టమే | సులువు | ఇంటి వరకు సులువు |

## మీరెవరు?

లీజు స్థలంలో ఒంటరిగా పనిచేసుకునే మెకానిక్కు అయితే ఒకటో దారి. లీజు స్థలంలో ఇటుక గోడ కుదరదు కాబట్టి పార్టిషన్‌కు పైదాకా సిమెంటు బోర్డు కొట్టించండి, ఆ ఒక్క ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

భార్యాపిల్లలు, ముసలివాళ్లతో సొంత స్థలంలో దిగేవాళ్లకు రెండో దారి. నేనూ చివరికి అదే చేశాను. స్థలం పావెకరం ఉందంటే మాత్రం నాలుగోది చూడండి, షెడ్డు మీద మోజుతో రెండోదానికి పోవద్దు.

పాడివాళ్లకు నాలుగోది. వేరే మాట లేదు.

చీనీ తోటవాళ్లతో కొంచెం మాట్లాడాలి. మీలో చాలామంది "వారానికి రెండు రాత్రులే కదా" అంటూ మొదలుపెడతారు. కాయ మీదుంటే అది రెండు నెలలవుతుంది, ఆ తర్వాత పిల్లల సెలవులు. ఒకటో దారిలో మొదలుపెట్టి రెండోదానికి మారే వీలుండేలా షెడ్డు వేయించుకోండి. మందుల డబ్బాలకు బయట నుంచి తలుపున్న వేరే అర కావాలి, పడకగదిలో మంచం కింద కాదు. గడ్డి, కాయ గోతాలు ఉన్నచోటికి ఎలుకలు వస్తాయి, ఎలుకల వెంట పాములు వస్తాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్లనే ఎక్కువ కాటేస్తుంది. మంచం, అంచులు పరుపు కిందికి మడిచిన దోమతెర, తలుపు కింద సందు లేకపోవడం, ఈ మూడూ ఏ దారిలోనైనా తప్పవు.

మగ్గం పెట్టుకునేవాళ్లకు శబ్దం, నిప్పు బాధ తక్కువ, తేమ బాధ ఎక్కువ. గుంత మగ్గమైతే నేల ఎత్తు రోడ్డు కన్నా రెండడుగులు పైన ఉండేలా చూసుకోండి. వాన నీళ్లు గుంతలోకి వస్తే పట్టు పాడైనట్టే. రేకు కింద మగ్గం మాత్రం వద్దు, వేసవిలో మధ్యాహ్నం ఆ గుంతలో కూర్చునేవాళ్లు మీరే.

## డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ఏది?

చాలామందికి రెండూ ఒకేసారి అయ్యే పని కాదు. అప్పుడు షెడ్డు ముందు వేయండి, సంపాదన అక్కడినుంచే రావాలి. కానీ వేసేటప్పుడే గది లెక్క వేసుకోవాలి. గదికి తొమ్మిదడుగుల ఎత్తు, గర్డరూ బండా కలిపి ముప్పావు అడుగు, దాని పైన గాలి ఆడటానికి కనీసం నాలుగడుగులు. అంటే షెడ్డు కప్పు వాలి తగ్గిన వైపు కూడా 14 అడుగులకు తగ్గకూడదు. రెండు చివరల త్రికోణాల్లో రేకు మూసేయకుండా జాలీ పెట్టించండి, గాలికి తిరిగే టర్బో ఫ్యాన్లు రెండు పెట్టుకుంటే ఇంకా మంచిది. గది వచ్చే మూలన షెడ్డు నేల కాంక్రీటు పోయకుండా వదిలేయండి, తర్వాత పునాది తీయడానికి పగలగొట్టే బాధ ఉండదు.

నాకు ఇదంతా తెలియక షెడ్డు 11 అడుగులకు వేయించుకున్నాను. రెండో ఏడాది దాని కింద మిద్దె కడితే పైన మిగిలింది అడుగు చిల్లర. గాలి ఆడలేదు, రేకు వేడి బండకు, బండ వేడి గదికి. చివరికి ఆ మూల మీద రేకులు విప్పి, నాలుగు స్తంభాలకు పైపు అతికి నాలుగడుగులు పైకి లేపాను. షెడ్లు కట్టేవాడి షెడ్డుకు నెత్తిన టోపీ ఏంటని ఇప్పటికీ రోడ్డున పోయేవాళ్లు అడుగుతారు. కొటేషన్ రాయించుకునేటప్పుడు ఎత్తు మొదటి గీతలోనే రాయించుకోండి, "సుమారుగా" అనే మాట లేకుండా.